క్లూ మాకూ కనిపించాలి కదా!

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా మర్డర్ మిస్టరీ సినిమాల గురించే, అందుకని శీర్షిక మొత్తం వాటికే ఇచ్చేశాను. హంతకులెవరో బయటపెట్టకుండా రాయడానికే చూశాను. ఒక్క చోట కుదరలేదు, అక్కడ ముందే హెచ్చరించాను.

ప్రశ్న: మొదటి అరగంటలోనే హంతకుడెవరో మా ఇంట్లో అందరం చెప్పేస్తున్నాం. కథని బట్టి కాదు, నటుణ్ని బట్టి! పేరున్న నటుడు ఏ పనీ లేని పాత్రలో కనిపించాడంటే అతనే. దర్శకులకు ఇది తెలియదా? (పాఠకురాలు, కాకినాడ)

జవాబు: బాగా తెలుసమ్మా. ఈ జానర్‌లో ఎవరికి ఏ పాత్ర ఇచ్చారన్నదే అన్నిటికంటే పెద్ద క్లూ, దాన్ని దాచడం చాలా కష్టం. 1974లో సిడ్నీ లూమెట్ 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' తీసినప్పుడు దీనికి మంచి దారి కనిపెట్టాడు. మంచులో ఆగిపోయిన రైల్లో ఉన్న అనుమానితుల్లో చాలామంది పేరు మోసిన నటులే: సీన్ కానరీ, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, లారెన్ బాకాల్, వనెసా రెడ్‌గ్రేవ్, ఆంథొనీ పెర్కిన్స్... ఇంతమందిలో మొహం చూసి ఎవరిని అనుమానిస్తారు? బెర్గ్‌మన్‌ది నిజానికి చాలా చిన్న పాత్ర, కానీ డిటెక్టివ్ ఆమెను ప్రశ్నించే సీన్‌ని కట్ చేయకుండా నిమిషాల పాటు ఒకే షాట్‌లో తీశారు, ఆ పాత్రకే ఆమెకు ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ వచ్చింది. చిన్న పాత్రలో కూడా నటించడానికి ఏదో ఒకటి ఉంటే, ఇంత పెద్ద నటి ఇందులో ఎందుకుందన్న అనుమానమే రాదు. మన సినిమాల్లో దెబ్బ తినేది ఇక్కడే: ఆ నటుడికి క్లైమాక్స్‌లో తప్ప ఎక్కడా సీనే రాయరు, మరి మీరు పట్టేయరా?

ఇలాంటి గుర్తు ఇంకొకటి ఉంది. సినిమాల్లో ఐఫోన్ చూపించడానికి యాపిల్ ఒప్పుకుంటుంది గానీ, చెడ్డ పాత్రల చేతిలో మాత్రం అది కెమెరాకు కనిపించకూడదంటుందని 'నైవ్స్ అవుట్' (2019) దర్శకుడు రయన్ జాన్సన్ చెప్పాడు. ఈ మాట విన్నాక నేనైతే ఏ హాలీవుడ్ మిస్టరీ చూసినా ముందు అందరి చేతుల్లో ఫోన్లే చూస్తున్నాను.

ప్రశ్న: ఫ్లాష్‌బ్యాక్‌లో ఒకటి చూపించి, చివర్లో "అది అబద్ధం, అసలు జరిగింది ఇదీ" అంటే మోసం కాదా సార్? (పాఠకుడు, వరంగల్)

జవాబు: దాదాపు ఎప్పుడూ మోసమే. ఈ మాట కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే మర్డర్ మిస్టరీ అంటే దర్శకుడికీ ప్రేక్షకుడికీ మధ్య ఒక ఒప్పందం. డిటెక్టివ్‌కి దొరికిన ప్రతి క్లూ మనకీ కనిపించాలి, మనం పోల్చుకోలేకపోతే అది మన లోపం. చూపించనే చూపించని సాక్ష్యంతో కేసు తేల్చేస్తే టికెట్ కొన్నవాడికి అన్యాయం చేసినట్టే.

ఇప్పుడు చెప్పేది హిచ్‌కాక్ 'స్టేజ్ ఫ్రైట్' చూడాలనుకునేవాళ్లు చదవకండి, తర్వాతి పేరాకి వెళ్లిపోండి. 1950 నాటి ఆ సినిమా మొదట్లోనే ఒకతను జరిగింది చెప్తుంటే ఫ్లాష్‌బ్యాక్‌గా చూపిస్తారు, అది అబద్ధమని చివరికి తెలుస్తుంది. చూసినవాళ్లు చాలామంది మండిపడ్డారు. తర్వాత ఫ్రెంచ్ దర్శకుడు ట్రుఫోతో మాట్లాడినప్పుడు హిచ్‌కాక్ కూడా అలా చేయకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నాడు. మనిషి అబద్ధమాడితే ఒప్పుకుంటాం, కెమెరా అబద్ధమాడితే ఒప్పుకోం.

అయితే అదే 1950లో జపాన్ దర్శకుడు కురొసావా 'రషోమాన్' వచ్చింది. ఒకే ఘటన, నలుగురు నాలుగు రకాలుగా చెప్తారు, ఏదీ పొసగదు. అక్కడ మోసపోయామని ఎందుకనిపించదంటే, ఇవన్నీ ఎవరికి వాళ్లు చెప్పుకున్న మాటలని మొదటి నుంచీ మనకు తెలుస్తూనే ఉంటుంది. 1954లో మద్రాసులో ఎస్. బాలచందర్ 'అంద నాళ్' కూడా ఈ దారిలోనే తీశాడు. యుద్ధం రోజుల్లో ఒక రేడియో ఇంజనీర్ హత్య, ఆ పాత్ర శివాజీ గణేశన్‌ది, సినిమా మొదలవడమే తుపాకి పేలుడుతో. అనుమానితులు ఒక్కొక్కరూ తమ కోణం చెప్తుంటే మనం తూకం వేసుకుంటాం. తమిళం రాకపోయినా సబ్‌టైటిల్స్‌తో తప్పకుండా చూడండి, ఆ రోజుల్లో ఇంత ధైర్యమా అనిపిస్తుంది.

ప్రశ్న: దీనికి నిజంగా రాసిపెట్టిన రూల్స్ ఉన్నాయా? (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: నవలలకు ఉన్నాయి, సినిమాలు అక్కడి నుంచే తెచ్చుకున్నాయి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఇంగ్లండ్ రచయిత (ఆయన క్రైస్తవ మతగురువు కూడా) పది సూత్రాలు రాశాడు. నేరస్థుడు కథ మొదట్లోనే కనిపించాలి, దయ్యాలూ మహిమలూ పనికిరావు, ఒకటికి మించి రహస్య గదులు ఉండకూడదు, డిటెక్టివే నేరం చేయకూడదు, ముందుగా సిద్ధం చేయకుండా కవలల్ని దించకూడదు, ఇలా. అన్నీ పాటించాలని లేదు. అగాథా క్రిస్టీ అంతకు మూడేళ్ల ముందే 1926లో ఒక నవలతో పాఠకుల నమ్మకాన్ని తలకిందులు చేసింది, ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది. కానీ ఆవిడ కూడా క్లూలన్నీ పేజీల మీద పెట్టే చేసింది, వెనక్కి వెళ్లి చదివితే దొరుకుతాయి.

ఈ పదిలో మొదటిది మన వాళ్లు గోడకి రాసుకోవాలి. ఈమధ్య చాలా థ్రిల్లర్లలో హంతకుడి మొహం మొదటిసారి కనిపించేది క్లైమాక్స్‌కి పావుగంట ముందు, ఆ వెంటనే అతని చిన్నతనం, స్కూల్లో అవమానం, తాగుబోతు తండ్రి, పదిహేను నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. సీరియల్ కిల్లర్ థ్రిల్లర్‌గా అది నడవొచ్చు, టెన్షన్ బాగానే ఉండొచ్చు, కానీ దాన్ని మర్డర్ మిస్టరీ అని పోస్టర్ మీద వేయకండి. ఊహించే అవకాశమే ఇవ్వలేదు కదా!

ప్రశ్న: చివర్లో అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టి డిటెక్టివ్ అంతసేపు ఎందుకు మాట్లాడతాడు? (పాఠకుడు, డల్లాస్)

జవాబు: నవలలో పేజీలకు పేజీలు వివరించాల్సింది సినిమాకి వచ్చేసరికి ఒక మనిషి మాట్లాడ్డంగా మిగిలిపోతుంది, అదీ ఇబ్బంది. సత్యజిత్ రాయ్ 1967లో బ్యోమ్‌కేశ్ అనే బెంగాలీ డిటెక్టివ్ కథతో 'చిరియాఖానా' తీశాక, 1974లో తన సొంత డిటెక్టివ్ ఫెలూదాతో 'సోనార్ కెల్లా' తీసినప్పుడు దొంగలెవరో ముందే చూపించేశాడు. ఇక ప్రశ్న "ఎవరు" అని కాదు, "ఎప్పుడు దొరుకుతారు" అని. మాటలు తగ్గి సినిమా పరుగెత్తింది. అలాగని హాలు సీన్ వద్దనను. ఆ గదిలో ఉన్నవాళ్ల మొహాలు చూపించడం తెలిసిన దర్శకుడైతే అదే అన్నిటికంటే గొప్ప సీన్ అవుతుంది.

ప్రశ్న: మర్డర్ మిస్టరీలో పాటలు అవసరమా?

జవాబు: 'అంద నాళ్'లో ఒక్కటీ లేదు. వంశీ 'అన్వేషణ' (1985)లో ఉన్నాయి, ఇళయరాజావి, ఇప్పటికీ వింటున్నాం. ఆ అడవి, ఆ భయం, ఆ సంగీతం విడివిడిగా లేవు కాబట్టి పాట వచ్చినా అనుమానం చెదరదు. శవం పక్కన డ్యూయెట్ పెడితేనే చిక్కు.

ప్రశ్న: సీసీ కెమెరాలు, కాల్ డేటా వచ్చాక మిస్టరీ రాయడం సాధ్యమేనా? నేను ఇరవై నిమిషాల షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాను. (పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: సాధ్యమే. చాలామంది "ఇక్కడ సిగ్నల్ లేదు", "ఆ రోజే కెమెరా పాడైంది" అని తప్పించుకుంటారు, అవి రెండూ వద్దు. 'దృశ్యం'లో ఫోన్‌ని లారీలో పడేసి టవర్ లొకేషన్‌ని దారి మళ్లించడం గుర్తుందా? అడ్డమనుకున్న టెక్నాలజీనే కథలోకి లాక్కున్నారు. మీరూ కెమెరాని పనిచేయనివ్వండి, అందులో కనిపించిన దాన్ని అందరూ తప్పుగా అర్థం చేసుకునేలా రాయండి. ఇరవై నిమిషాలకు ముగ్గురు అనుమానితులు చాలు, నాలుగో మనిషి వస్తే పేర్లు కూడా గుర్తుండవు. అసలు క్లూని మొదటి ఐదు నిమిషాల్లోనే, అందరూ ఇంకేదో చూస్తున్నప్పుడు, ఒక గొడవ మధ్యలోనో నవ్వొచ్చే డైలాగ్ పక్కనో పెట్టండి, దాని మీదకి క్లోజప్ మాత్రం వేయకండి. స్క్రిప్టు పూర్తయ్యాక కథ తెలియని ఇద్దరికి చదివి వినిపించి, హంతకుడెవరో చెప్పే ముందు ఆపి అడగండి. ఇద్దరూ పట్టేస్తే క్లూ ఇంకాస్త లోపలికి తోయండి. చెప్పాక కూడా "ఇది ముందు ఎక్కడుంది?" అని అడిగారంటే ఆ మొదటి సీన్లు మళ్లీ రాయాల్సిందే.