హార్బర్ పైలట్ కావాలంటే ముందు కళ్లు చూపించండి

ఛత్రపురం నుంచి ఒక తండ్రి అడిగారు: “మా అబ్బాయి ప్లస్ టూ సైన్స్ చదువుతున్నాడు. గోపాల్‌పూర్‌లో ఓడలను లోపలికి తెచ్చే పైలట్లను చూసి, తనూ అదే అవుతానంటున్నాడు. అసలు ఆ పనేమిటి, ఏం చదివించాలి?”

నేను పైలట్‌ని కాదండీ. పైలట్‌ని ఓడ దగ్గరికి చేర్చే లాంచీ మీద పదకొండేళ్లు సరంగుగా, అంటే దాన్ని నడిపేవాడిగా పనిచేశాను. మాది గంజాం తీరంలో తెలుగు మాట్లాడే బెస్తవాడ, ఒడియావాళ్లు నోలియాలంటారు మమ్మల్ని. నేను కళ్లారా చూసింది చెబుతాను.

ఓడ బయట సముద్రంలో లంగరు వేసుకుని ఉంటుంది. దాని కెప్టెన్ దేశాలన్నీ తిరిగినవాడే కావచ్చు, కానీ మన ఛానల్లో, అంటే పోర్టులోకి ఓడలు వచ్చే దారిలో, నిన్న ఎక్కడ ఇసుక మేట వేసిందో ఆయనకేం తెలుస్తుంది? నైరుతి గాలులు పట్టాక మన తీరం వెంట ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తూనే ఉంటుంది. డ్రెడ్జర్లు తవ్వుతున్నా మళ్లీ పూడుతుంది. లోతు తక్కువ ఉన్నచోట వేగం పెంచితే ఓడ నీటిలోకి ఇంకాస్త దిగిపోతుంది, అడుగు తగలొచ్చు. అందుకే ఆ నీళ్లు తెలిసిన మనిషి ఎక్కాలి. 1908 నాటి పోర్టుల చట్టంలోనే, అది వర్తించే పోర్టుల్లో 200 టన్నులు, ఆపైన ఉన్న ఓడ పైలట్ గానీ హార్బర్ మాస్టర్ గానీ లేకుండా కదలకూడదని రాశారు. అయినా ఓడ బాధ్యత కెప్టెన్‌దే. పైలట్ గారు దారి, వేగం చెబుతారు, టగ్గులను, అంటే ఓడను లాగే చిన్న నౌకలను, ఎటు లాగాలో వాకీటాకీలో ఆదేశిస్తారు. తేడా అనిపిస్తే కెప్టెన్ అడ్డుకోవచ్చు.

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం ఎక్కే ఘడియ. లాంచీ కెరటం మీద రెండు మూడు మీటర్లు లేచి పడుతుంటుంది. లాంచీ పైకి లేచిన క్షణంలోనే తాళ్ల నిచ్చెన అందుకోవాలి. దిగుతున్నప్పుడు అందుకుంటే, తర్వాతి కెరటానికి లాంచీ లేచి కాళ్లను నలిపేస్తుంది. నీటి నుంచి ఎక్కే ఎత్తు 9 మీటర్లు దాటితే ఆ నిచ్చెన ఒక్కటీ చాలదు, ఓడ పక్కన దింపే మెట్లను కూడా కలిపి కట్టాలి. ఒక రాత్రి ఒక సరుకు ఓడ వేసిన నిచ్చెన తాడు పురి విడిపోయి ఉంది. మా పైలట్ గారు టార్చి వేసి చూసి ఎక్కనన్నారు. వాళ్లు కొత్తది కట్టేదాకా గంటసేపు కెరటాల్లో ఊగుతూ ఉన్నాం. నాకు ఆయన మీద గౌరవం ఆ రాత్రి రెట్టింపైంది.

ఇక చదువు. పైలట్ ఉద్యోగానికి నేరుగా కోర్సు లేదు. ముందు ఓడలో ఆఫీసర్ కావాలి. ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్‌కు కలిపి 60 శాతం, పదో తరగతిలో గానీ ప్లస్ టూలో గానీ ఇంగ్లీషులో 50 శాతం ఉండాలి. ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దాన్ని పెట్టే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ (ఐఎంయూ)కి విశాఖలో కూడా క్యాంపస్ ఉంది. డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) అయితే కాలేజీలో ఒక ఏడు, ఓడ మీద 18 నెలలు. బీఎస్సీ నాటికల్ సైన్స్ అయితే మూడేళ్లు. తర్వాత ఓడ ఆఫీసర్ల మెట్లు: సెకండ్ మేట్, చీఫ్ మేట్, చివరికి కెప్టెన్ కావడానికి కావాల్సిన మాస్టర్ ఫారిన్ గోయింగ్ సర్టిఫికెట్. మధ్యలో సముద్రం మీద గడిపే నెలలతో కలిపి పదేళ్లు అనుకోండి. పెద్ద పోర్టులు ఎక్కువగా మాస్టర్ సర్టిఫికెట్ ఉన్నవారినే పైలట్లుగా అడుగుతాయి. తీసుకున్నాక సీనియర్ పైలట్ల పక్కన నిలబడి నేర్చుకోవాలి, మొదట చిన్న ఓడలు, ఆపైన పెద్దవి. ఒక పోర్టు లైసెన్సుతో ఇంకో పోర్టులో ఓడ నడపలేరు. డీఎన్ఎస్‌కి షిప్పింగ్ కంపెనీ స్పాన్సర్‌షిప్ చేతికి రాకుండా ఏ ఏజెంటుకూ డబ్బు కట్టకండి.

ఇది ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, మా మేనల్లుడికి అదే జరిగింది. ఒక ఏజెంటుకు మా బావ పొలం అమ్మి డబ్బు కట్టాడు. తర్వాత మెడికల్‌లో రంగు చుక్కల పుస్తకం పెట్టారు. వాడికి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదని అప్పుడే మాకు తెలిసింది. రాత్రిపూట ఎదుటి ఓడకు ఎడమవైపు ఎరుపు దీపం, కుడివైపు ఆకుపచ్చ దీపం ఉంటాయి. ఆ తేడా కనబడనివాడిని డెక్ మీదికి, అంటే ఓడ నడిపే పనికి, ఎలా తీసుకుంటారు? డబ్బు తిరిగి రాలేదు. పిల్లవాడు ఏడాదిపాటు సముద్రం వైపు చూడలేదు.

డెక్ వైపు వెళ్లేవారికి అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి. మీ అబ్బాయిని ఈ వారమే బరంపురంలో కంటి డాక్టరుకు చూపించి, చూపుతో పాటు రంగుల పరీక్ష కూడా చేయమనండి. అందులో బాగుంటే, డీజీ షిప్పింగ్ (ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) గుర్తించిన డాక్టరు దగ్గర మెడికల్ చేయించి, ఆ తర్వాతే ఫీజుల సంగతి చూడండి.