సన్‌మైకాకి కన్నం వేసే ముందు వెనకాల చెక్క ఆనించండి

"సన్‌మైకా (చెక్క మీద అంటించే నున్నటి షీటు) వేసిన కిచెన్ అల్మారాకి పైపు కోసం కన్నం వేస్తుంటే అంచులు పెచ్చులూడుతున్నాయి, మాస్కింగ్ టేప్ అంటిస్తే సరిపోతుందా?" అని ఒకరు అడిగారు. సరిపోదు. టేప్ కొంచెం సాయం చేస్తుంది, అంతే. అసలు కాపాడేది వెనకాల గట్టిగా ఆనించే చెక్కముక్క.

గుంటూరులో మా వంటగది పని పూర్తయిన వారానికి వాటర్ ఫిల్టర్ బిగించడానికి ఒకబ్బాయి వచ్చాడు. సింకు కింద అల్మారా పక్క పలకకి తెల్లటి గ్లాసీ సన్‌మైకా. ఆ తెలుపు కోసం అమ్మ నాలుగు షాపులు తిరిగింది. అతను సంచిలోంచి గోడలకి వాడే హామర్ డ్రిల్ తీశాడు. బిట్టు కూడా గోడ బిట్టే, దాని కొసకి సిమెంటు పొడి ఇంకా అంటుకునే ఉంది. "బాబూ, అది చెక్క" అనేలోపే లోపలి వైపు నుంచి ఒత్తేశాడు. టప్‌మని చప్పుడు. బయటి వైపు రూపాయి బిళ్లంత పెచ్చు ఎగిరి నేల మీద పడింది. పావు అంగుళం పైపు పట్టే కన్నం చుట్టూ గోధుమరంగు ప్లైవుడ్ బయటపడింది. అమ్మ ఒక్క మాట కూడా అనలేదు. ఆ పెచ్చు తీసి, కొంగుతో తుడిచి, పోపుల డబ్బా వెనక పెట్టింది.

మర్నాడు మా వడ్రంగి మేస్త్రి గారిని పిలిచాను. ఆయన పెచ్చు అతికించే పని పెట్టుకోలేదు. పాత కన్నంలోకి ఫెవికాల్ రాసిన చెక్క మేకు కొట్టి, దాని మీద గుర్తు పెట్టి, పెచ్చూడిన చోటంతా పోయేలా 60 ఎం.ఎం. హోల్ సా (గుండ్రటి కన్నం కోసే రంపపు బిట్టు) తీశారు. లోపలి వైపు పనికిరాని ప్లై ముక్క ఆనించి, ఎదుటి పలకకీ దానికీ మధ్య ఒక కర్ర బిగించి కదలకుండా చేశారు. ముందు డ్రిల్‌ని రివర్స్‌లో నాలుగైదు చుట్లు తిప్పారు. సన్‌మైకా మీద సన్నటి గుండ్రటి గీత పడింది. ఆ తర్వాతే ముందుకు తిప్పారు, నెమ్మదిగా, ఒత్తకుండా. "ఇది కాగితం పొరలే బాబూ, కానీ గాజులా విరుగుతుంది. వెనకాల ఆధారం లేకపోతే బిట్టు బయటికొచ్చే చోట తన్నుకుపోతుంది" అన్నారు. రెండు వైపులా అంచు గీత గీసినట్టు వచ్చింది. కన్నం లోపలి చుట్టూ సిలికాన్ రాశారు, సింకు కింద తడికి ప్లై ఉబ్బకుండా. వైర్లకి వాడే తెల్ల ప్లాస్టిక్ మూత ఒకటి నొక్కేసరికి దెబ్బ కనిపించకుండా పోయింది.

కాలిన వాసన వస్తే బిట్టు మొద్దుబారిందని అర్థం. మార్చేయండి, ఒత్తి పని కానిద్దామని చూడకండి.

నా బాధల్లా ఇంటీరియర్ వాళ్లతో. రంగుల పుస్తకాలు గంటలకొద్దీ తిప్పించి చూపిస్తారు. ఫిల్టర్ పైపు ఎక్కడ, చిమ్నీ గొట్టం ఎటు, స్విచ్‌బోర్డు వైరు ఎలా పోవాలి, ఒక్కరూ అడగరు. పలక బల్ల మీద పడుకుని ఉన్నప్పుడు అయిదు నిమిషాల్లో అయ్యే కన్నాన్ని, బిగించేశాక సింకు కింద దూరి, మెడ వంచి వేయాలి. పెచ్చులూడేది సగం అందుకే.

ఆర్నెల్ల తర్వాత చిమ్నీ పెట్టించాం. పై అల్మారా అడుగు పలకకి 6 అంగుళాల కన్నం కావాలి. దానికి జిగ్ సా (సన్న బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) వాడారు. మామూలు జిగ్ సా బ్లేడు పళ్లు పైకి కోస్తాయి, అంటే మిషన్ ఆనే వైపే పెచ్చులొస్తాయి. అందుకని కింద కనబడే వైపు నుంచి కాకుండా అల్మారా లోపలి నుంచి గీత గీసి కోయమని పట్టుబట్టాను. బిగించే అబ్బాయి "అక్కర్లేదు సార్, టేప్ వేస్తా" అన్నాడు. టేపూ వేయించాను, లోపలి నుంచే కోయించాను. అయ్యాక అమ్మ స్టూలెక్కి కింది అంచు చుట్టూ వేలు తిప్పి చూసింది. ఎక్కడా గీరుకోలేదు.