అంగుళం గుద్దు: బలం పుట్టేది మడమలో

ప్రశ్న: సార్, నమస్తే. మాది పరకాల దగ్గర పల్లె. హనుమకొండలో డిగ్రీ చదువుతున్నాను. పాత పుస్తకాల దుకాణంలో అంగుళం దూరం నుంచి గుద్దడం నేర్పే చిన్న పుస్తకం దొరికింది. మొత్తం 16 పేజీలే. బొమ్మలన్నీ చేతివే. అందులో చెప్పినట్టే గది గోడకు చాప కట్టి సాధన చేస్తున్నాను. దెబ్బకు బలం రాలేదు గానీ చిటికెన వేలి మెటిక వాచింది. లోపం ఎక్కడుంది? ఛాతీ మీద కొట్టి చూపించమని స్నేహితులు అడుగుతున్నారు. చూపించవచ్చా?

జవాబు: ముందు చెయ్యి సంగతి. వాపు పూర్తిగా తగ్గేదాకా ఆ చేత్తో దేన్నీ కొట్టకండి. పిడికిలి మూసినప్పుడు చిటికెన వేలు పక్క వేలి మీదికి ఒరుగుతున్నా, ఆ మెటిక లోపలికి దిగినట్టు కనిపిస్తున్నా వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లి ఎక్స్‌రే తీయించుకోండి. గట్టి వస్తువును తప్పుగా గుద్దినవాళ్లకు ఎక్కువగా విరిగేది ఆ మెటిక కింది ఎముకే. గోడను ఇక వదిలేయండి. చాప ఎంత మందంగా ఉన్నా దాని వెనక ఉన్నది గోడే.

బొమ్మలన్నీ చేతివే అన్నారు కదా, లోపం అక్కడే ఉంది. 1964లో అమెరికాలోని లాంగ్ బీచ్ కరాటే పోటీల్లో బ్రూస్ లీ ఈ దెబ్బ చూపించినప్పుడు ఎదుటి మనిషి వెనక్కి తూలి కుర్చీలో కూలబడ్డాడు. అందరి చూపూ పిడికిలి మీదే నిలిచింది. నేను మా పిల్లలకు ఆ దృశ్యం చూపించేటప్పుడు పైభాగాన్ని చేత్తో మూసి కాళ్లు మాత్రమే చూడమంటాను. వెనక కాలి మడమ పైకి లేచి ఉంటుంది. ఆ కాలు నేలను తన్నడంతో మోకాలు చాచుకుంటుంది, నడుము తిరుగుతుంది, భుజం ముందుకు వస్తుంది, ఆ తర్వాతే మోచెయ్యి. మణికట్టు విదిలింపు అన్నిటికన్నా చివరిది. రెప్పపాటులో జరిగిపోతుంది కాబట్టి అంతా చేతి మహిమలా కనిపిస్తుంది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు ఎత్తే హమాలీలను దగ్గర నిలబడి చూడండి. మోకాళ్లు వంచి, కాళ్లు చాస్తూ లేస్తారు. చేతులు బస్తాను పట్టుకుని ఉంటాయంతే. మీరు నేర్చుకోవలసిన వరస అదే.

రెండో విషయం బిగింపు. మొదటి నుంచీ పిడికిలి బిగించి ఉంచితే చేతిని ముడిచే కండరం కూడా బిగుసుకుని, చాచే కండరానికి అడ్డం పడుతుంది. అందుకే వేళ్లు వదులుగా ముందుకు చాచి ఉంచి, తాకబోయే క్షణంలో మూయాలి. బొటనవేలు పైకి, మోచెయ్యి నేలవైపు ఉండాలి. ఇప్ మాన్ దగ్గర బ్రూస్ లీ నేర్చుకున్న వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య పద్ధతిలో కింది మూడు మెటికలతో కొడతారు. వాటిలో చిటికెన వేలిదీ ఉంది. మణికట్టు ముంజేతికి తిన్నగా లేకపోతే భారమంతా దాని మీదే పడుతుంది. ఆ పద్ధతిలో మొదట నేర్పే కదలికల వరస సియు నిమ్ తావ్‌లో అడుగు కదపకుండా నిలబడి చేతులను నెమ్మదిగా కదిలిస్తారు. దాన్ని దాటవేసి నేరుగా గుద్దుకు తీసుకెళ్లే పుస్తకాన్ని నేను నమ్మను.

చెయ్యి బాగయ్యాక ముందు గుద్దు లేకుండా సాధన చేయండి. తెరిచిన అరచేతిని స్నేహితుడి భుజానికి ఆనించి, మోచెయ్యి కదలకుండా మడమతోనే అతన్ని ఒక అడుగు వెనక్కి జరపండి. అది కుదిరేదాకా పిడికిలి వద్దు.

ఇక ఛాతీ మీద ప్రదర్శన సంగతి. వద్దు. గట్టిగా తగిలితే పక్కటెముక విరగవచ్చు, గుండెకే ప్రమాదం రావచ్చు, పడేటప్పుడు తల వెనక దెబ్బ తగలవచ్చు. అంతగా అడిగితే దళసరి ప్యాడ్‌ను రెండు చేతులతో, ఒంటికి దూరంగా పక్కకు పట్టుకోమనండి. వెనక మెత్తటి నేల, ఖాళీ స్థలం ఉండాలి. మెట్లు, బల్లలు ఉన్నచోట అసలు వద్దు.