లేసు ముక్క తెమ్మన్న లెక్కల టీచరు: ఏడో తరగతి అమ్మాయిని బడి మార్చాలా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా వారు కొబ్బరికాయల వలుపు పనికి వెళ్తారు, నేను ఇంటి దగ్గర లేసు అల్లుతాను. మా అమ్మాయి మండల పరిషత్ బాలికల ప్రాథమికోన్నత పాఠశాలలో ఏడో తరగతి చదువుతోంది. ఈ ఏడాది పాఠం కన్నా ఇతర పనులే ఎక్కువైనట్టు కనిపిస్తోంది. ఒకరోజు చెరువులో నీళ్లు కొలిచామంటుంది, ఒకరోజు నాటకం వేశామంటుంది. మొన్న లెక్కల టీచరు గారు ఇంట్లో అల్లిన లేసు ముక్క తెమ్మన్నారట. ఇరవై ఏళ్లుగా ఆ సూది పట్టుకుని నా కళ్లు మసకబారాయి. నా కూతురు దాని జోలికి రాకూడదనే కదండీ బడికి పంపుతున్నది? పక్కింటి వాళ్లు తమ అబ్బాయిని ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అని టౌన్లో ప్రైవేటు బడిలో వేశారు. మేము కూడా అప్పు చేసైనా మార్చమంటారా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను రెండు మూడుసార్లు చదువుకున్న వాక్యం బడి మార్పు గురించినది కాదు; మీ అమ్మాయి లేసు జోలికి రాకూడదని మీరు రాసిన వాక్యం. ఆ భయానికి ఆధారం ఉంది. 19వ శతాబ్ది మధ్యలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీ దంపతులు నర్సాపురం ప్రాంతపు ఆడవాళ్లకు ఈ అల్లిక నేర్పారు. నాటి బాలికల బడులు చాలావాటిలో కుట్టుపనికి దక్కిన చోటు లెక్కలకు దక్కలేదు. కందుకూరి వీరేశలింగం గారు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచిన నాటి నుంచి ఆడపిల్లకు ఎంత చదువు, ఏ చదువు అనే వాదన గోదావరి ఒడ్డున నడుస్తూనే ఉంది. కాబట్టి బడికి లేసు తెమ్మనగానే మీ మనసు కలతపడటం సహజం. అయితే తీర్పు చెప్పే ముందు ఆ లేసుతో తరగతిలో ఏం చేశారో మీరు తెలుసుకోవాలి.

ఆ తరగతిలో నేను లేను. కానీ ఇలాంటి పాఠం మరో బడిలో కూర్చుని చూశాను, అది చెబుతాను. గుండ్రటి లేసును పొట్టి కుట్టుతో అల్లేటప్పుడు మొదటి చుట్టుకు 6 కుట్లు వేస్తే రెండో చుట్టుకు 12, మూడో చుట్టుకు 18, నాలుగో చుట్టుకు 24 రావాలని మీ చేతికి తెలుసు. కుట్లు పెంచకపోతే లేసు గిన్నెలా ముడుచుకుంటుంది, ఎక్కువ పెంచితే అంచు కుచ్చిళ్లుగా లేస్తుంది. టీచరు ఈ మూడు రకాల ముక్కలనూ బల్లమీద పెట్టి, ‘‘సరిగ్గా ఆరే ఎందుకు పెంచాలి?’’ అని అడిగి ఊరుకున్నారు. పిల్లలు కుట్లు లెక్కపెట్టారు, దారంతో చుట్టుకొలత తీశారు, స్కేలుతో వ్యాసార్థం కొలిచారు. చివరకు ఒక అమ్మాయి మెల్లగా లేచి, చుట్టు పెరిగినప్పుడల్లా వ్యాసార్థం ఒక కుట్టంత పెరుగుతుంది కాబట్టి చుట్టుకొలత రెండు ‘పై’లంత (పై అంటే సుమారు 3.14), అంటే సుమారు 6.28 కుట్లంత, పెరగాలి కదా అంది. చేతి అల్లికలో 6.28 కుట్లు వేయలేం, అందుకే ఆరు. ఆ తరవాత టీచరు చుట్టు సంఖ్యను ఎన్ అనుకుంటే కుట్లు ఆరు ఎన్‌లు అవుతాయని బోర్డు మీద రాశారు. బీజగణితం అంటే భయపడే పిల్లలు ఆ అక్షరాన్ని ఆరోజు భయపడకుండా చదివారు.

ఆ గంటలో వాళ్లు అల్లిక నేర్చుకోలేదు, అల్లికలోని వృత్తాన్ని కొలిచారు. మీ అమ్మాయి తరగతిలో కూడా ఇదే జరిగి ఉంటే మీరు కోరుకున్న చదువే ఆమెకు అందుతోంది. అలా కాకుండా ‘ఆడపిల్లలు కదా, కుట్టుపని వస్తే మంచిది’ అన్న ఆలోచనతో తెమ్మని ఉంటే మీ అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని మర్యాదగానే, స్పష్టంగా టీచరు గారికి చెప్పాలి.

ఈ తేడా తెలుసుకోవడానికి అమ్మాయి నోటుపుస్తకం చాలు. చెరువు నీళ్లు కొలిచిన సంగతే తీసుకోండి. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మన ఊళ్లలో మంచినీళ్ల చెరువులు నింపుకుంటాం, ఆ నీటితోనే రోజులు గడుపుతాం. వెదురు కర్రకు గీతలు పెట్టి వారం వారం మట్టం కొలిచిన ఒక అమ్మాయి పుస్తకాన్ని నేను చూశాను. తేదీలు, సెంటీమీటర్లు, వాటి పక్కన వంకర టింకరగా గీసిన గ్రాఫు ఉన్నాయి. కింద, ‘‘మొదటి వారం 4 సెంటీమీటర్లు తగ్గింది, మూడో వారం 7 తగ్గింది. వాడకం పెరిగిందా, ఎండకు ఆవిరైందా? రెండూనా? ఎలా తెలుసుకోవాలి?’’ అని పెన్సిలుతో రాసి ఉంది. అక్షర దోషాలున్నాయి. అయినా ఆ నాలుగు వాక్యాల కోసం నేను ఏ ముద్రిత గైడునైనా పక్కన పెట్టేస్తాను. నీటిపారుదల ఇంజినీరు, వ్యవసాయ శాస్త్రవేత్త, రొయ్యల చెరువుల నీటిని పరీక్షించే ప్రయోగశాల ఉద్యోగి తమ పని మొదలుపెట్టేది అలాంటి ప్రశ్నతోనే.

మీ అమ్మాయి పుస్తకంలో తన సొంత మాటల్లో రాసిన వాక్యాలు వెతకండి. పుస్తకమంతా బోర్డు మీది రాతకు నకలే అయితే, లేదా కార్యక్రమం అయిపోయాక రాత ఏమీ లేకపోతే, అప్పుడు ఆందోళన చెందాలి. చేతులతో చేసిన పని రాతలోకి రాకపోతే నెల తిరిగేసరికి పిల్లకు గుర్తుండేది సరదా ఒక్కటే. ఫ్యాన్సీ షాపులో కొన్న చార్టులు, తల్లిదండ్రులు రాత్రి మేలుకుని చేసిపెట్టిన నమూనాలు కూడా నా దృష్టిలో చదువు కిందికి రావు. నాటకం విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. నలుగురి ముందు గొంతు పెగలని కారణంగా మంచి మార్కులున్న అమ్మాయిలు ఇంటర్వ్యూల్లో వెనకబడటం నేను ఏటా చూస్తున్నాను.

బాలికల బడికి ఉన్న ఒక సౌకర్యాన్ని తల్లిదండ్రులు తరచుగా గమనించరు. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసిన ప్రయోగశాలల్లో బ్యాటరీకి తీగలు తగిలించేది అబ్బాయి, రికార్డు రాసేది అమ్మాయి కావడం నాకు చాలాసార్లు కనిపించింది. మీ అమ్మాయి బడిలో తీగలు తగిలించేది, బల్లలు జరిపేది, ఆటల్లో కెప్టెన్ అయ్యేది అమ్మాయే. రెండేళ్లలో ఆమె అబ్బాయిలు కూడా చదివే ఉన్నత పాఠశాలకు వెళ్లవచ్చు కనుక ఆ అలవాటు ఇప్పుడే చేతికి పట్టాలి.

ఇక ఐఐటీ ఫౌండేషన్ మాట. ఆ ప్రవేశ పరీక్ష పాఠ్యాంశాలు ఇంటర్మీడియట్ రెండేళ్లవి. ఏడో తరగతి పిల్లకు కావలసిన పునాది భిన్నాలు, రుణ సంఖ్యలు, నిష్పత్తులు, చదివింది అర్థం చేసుకోవడం. ఈ ఆదివారం ఆమెను నాలుగింట మూడు వంతులు పెద్దదా, మూడింట రెండు వంతులు పెద్దదా అని అడగండి. జవాబు చెప్పాక ఎందుకని కూడా అడగండి. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉంటాయి కదా, ఇంగ్లీషు పేరా ఒకటి చదివించి తెలుగు పుట చూడకుండా మీకు చెప్పమనండి. రెండింటిలోనూ తడబడితే ఆ లోటును టీచరు గారి దృష్టికి తీసుకెళ్లండి. అప్పు చేసి కట్టిన ఫీజు దానంతట అది ఆ లోటును పూడ్చదు.

బడి మార్చకపోవడానికి మీ విషయంలో డబ్బుకు సంబంధించిన కారణం కూడా ఉంది. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ పరీక్షను ఎనిమిదో తరగతిలో రాస్తారు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయలు విద్యార్థి ఖాతాలో పడతాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఈ అవకాశం ఉంది, సాధారణ ప్రైవేటు బడిలో చేర్చితే పోతుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 5 శాతం సడలింపు ఉంది. అంటే మీ అమ్మాయికి ఈ ఏడాది మార్కులే అర్హత. పరీక్షలో 90 ప్రశ్నలు ఆలోచనా శక్తికి, 90 ప్రశ్నలు పాఠ్యాంశాలకు సంబంధించినవి. మొదటి భాగంలో సంఖ్యల వరసలు వస్తాయి: 6, 12, 18, 24 తరవాత ఏమిటన్న తీరులో మొదలై కష్టమవుతాయి. లేసు కుట్లు లెక్కపెట్టిన పిల్లకు అవి కొత్తగా అనిపించవు.

పదో తరగతి తరవాతి దారుల గురించి ఇప్పుడే కంగారు వద్దు, అవి ఉన్నాయని తెలిస్తే చాలు. నూజివీడు తదితర ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువులో ప్రవేశం దొరుకుతుంది. పాలిటెక్నిక్‌కు పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. సాంకేతిక డిప్లొమా, డిగ్రీ చదివే అమ్మాయిలకు అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది.

మరొక విషయం టీచరు గారితో మాట్లాడండి. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వృత్తులను దగ్గరగా చూసే అవకాశం కల్పించాలంది. బాలికల బడి అనగానే ఆ రోజుల్ని కుట్టుమిషనుకూ మెహందీకీ కేటాయించకుండా, కాలువ లాకుల దగ్గరికి, కరెంటు సబ్‌స్టేషనుకు, ఐసు ఫ్యాక్టరీకి, అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి పిల్లల్ని తీసుకెళ్లమని అడగండి. లేసు వ్యాపారం చేసేవారిని పిలిపించినా మంచిదే. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గజం లేసు అమ్ముడైన ధరలో అల్లిన చేతికి ఎంత వచ్చింది, డిజైను గీసిన చేతికి, ఎగుమతి చేసిన చేతికి ఎంత వచ్చిందని పిల్లలు లెక్కకట్టాలి. ఇరవై ఏళ్లుగా మిమ్మల్ని బాధించిన లెక్క కూడా అదే.

కనుక ఈ ఏడాది బడి మార్చవద్దు. వచ్చే వారం ఒక పూట పని మానుకుని, అమ్మాయి లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం పట్టుకుని టీచరు గారిని కలవండి. లేసు పాఠంలో ఏం చేయించారో, భిన్నాల్లో అమ్మాయి ఎక్కడ ఉందో, వచ్చే ఏడాది స్కాలర్‌షిప్ పరీక్షకు ఎలా సిద్ధం చేస్తారో అడగండి. ఆదాయ ధ్రువపత్రం, అమ్మాయి పేరిట బ్యాంకు ఖాతా ఇప్పటినుంచే సిద్ధం చేసుకోండి. ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకే తీరుగా ఉందో లేదో సరిచూసుకోండి. పుస్తకాలు చూశాక, టీచరు గారి మాట విన్నాక కూడా మీ మనసు కుదుటపడకపోతే, ఆ పుస్తకాల్లో మీకు ఏం కనిపించిందో వివరంగా మళ్లీ రాయండి. బడి మార్పు గురించి అప్పుడు మాట్లాడుకుందాం.