పాత జీపుతో ఆఫ్‌రోడ్ పోటీలు: అప్పు చేసి దిగొచ్చా?

ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం. 1971 నాటి పెట్రోలు మహీంద్రా సీజే-3బీ జీపు కొని ఆఫ్‌రోడ్ పోటీల్లో దిగాలనుకుంటున్నాం. తలా రూ.2.5 లక్షలు వేస్తే 10 లక్షలవుతుంది. బండి 4.5 లక్షలకు మాట్లాడాం. పోటీకి తయారు చేయడానికి మెకానిక్ 3.5 లక్షలు చెప్పాడు. ఏడాదికి మూడు పోటీలు, ఒక్కోదానికి ఎంట్రీ, బస, పెట్రోలు కలిపి 60 వేలు అనుకున్నాం. నాకు చేతికొచ్చే జీతం 95 వేలు. ఇంటి రుణం ఈఎంఐ 28 వేలు, ఇంటి ఖర్చు 42 వేలు, పాప చదువుకు మ్యూచువల్ ఫండ్లలో సిప్ (నెలనెలా వేసే వాయిదా) 12 వేలు. అత్యవసర నిధి 3 లక్షలు ఉంది. నా వాటా కోసం ఫండ్లు అమ్మనా, వ్యక్తిగత రుణం తీసుకోనా? పాత జీపుల ధర పెరుగుతుందంటారు కదా, దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా? ఆర్‌సీ నా పేరు మీద పెడదామంటున్నారు. ఒక టైర్ల దుకాణం వాళ్లు తమ స్టిక్కర్ వేస్తే లక్ష రూపాయల టైర్లు ఇస్తామన్నారు.

జవాబు: ఫండ్లు అమ్మొద్దు, రుణమూ వద్దు. మీ కాగితం ప్రకారం బండికి, తయారీకి పోగా 2 లక్షలు మిగులుతాయి. మూడు పోటీలకు 1.8 లక్షలు. ఇంకా 20 వేలు చేతిలోనే ఉంటాయి. యాభై ఏళ్లు దాటిన బండి బడ్జెట్‌లో డబ్బు మిగులుతోందంటే ఏదో పద్దు రాయడం మరిచారని అనుమానించాలి. మీరు మరిచినవి రెండు: బండిని ట్రక్కు మీద పోటీ చోటికి తీసుకెళ్లి తేవడం, తిరిగొచ్చాక దాన్ని విప్పి చూడటం.

రోడ్డు మీద నడుపుకుంటూ వెళ్తాం అనుకుంటున్నారేమో. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్పులు చేసిన బండిని రోడ్డు మీదకు తేవడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. పైగా పోటీలో యాక్సిల్ విరిగితే తిరుగు ప్రయాణానికి ట్రక్కు అప్పటికప్పుడు దొరికే రేటుకే మాట్లాడుకోవాలి. రానూపోనూ ముందే మాట్లాడుకుని 35 వేలు పక్కన పెట్టండి. దూరాన్ని బట్టి ఇది పెరగొచ్చు.

రెండోది అసలైన పద్దు. ఈ జీపు ముందు యాక్సిల్ చివర్ల గుండ్రటి నకిల్‌కు (చక్రాన్ని పక్కలకు తిప్పే జాయింటు) ఉండే సీల్ అరిగితే బురద నీళ్లు లోపలికి పోతాయి, గ్రీజు కొట్టుకుపోతుంది. పైకి ఏమీ కనిపించదు. శుభ్రం చేయకుండా షెడ్డులో పెడితే బేరింగులు తుప్పు పట్టి, తర్వాతి పోటీలో సగం దారిలో పట్టేస్తాయి. గేర్‌బాక్సుకీ ట్రాన్స్‌ఫర్ కేసుకీ (శక్తిని ముందు, వెనుక చక్రాలకు పంచే పెట్టె) మధ్య సీల్ పోతే ఒకదాని ఆయిల్ ఇంకోదానిలోకి చేరుతుంది. కింద చుక్క పడదు కాబట్టి ఎవరికీ తెలియదు, గేర్లు మాత్రం ఎండిపోతాయి. అందుకే ప్రతి పోటీ తర్వాత నాలుగు చక్రాల హబ్బులూ విప్పాలి, అన్ని ఆయిళ్లూ దింపి నీళ్లు కలిశాయేమో చూడాలి, కమాన్ కట్టల బుష్‌లు మార్చాలి, బ్రేకు డ్రమ్ములు కడగాలి. సీళ్లు, గ్రీజు, ఆయిళ్లు, కూలీ కలిపి 30 వేలు వేసుకోండి.

అంటే పోటీకి 60 వేలు కాదు, 1.25 లక్షలు. మూడింటికి 3.75 లక్షలు, మీ వాటా ఏడాదికి 93,750, నెలకు సుమారు 7,800. మీరు మిగిల్చిన 2 లక్షలు రెండో పోటీ పూర్తయ్యేలోపే అయిపోతాయి.

ఇప్పుడు రుణం సంగతి. ఖర్చులన్నీ పోగా మీకు నెలకు 13 వేలు మిగులుతున్నాయి. 2.5 లక్షలు 14 శాతం వడ్డీకి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ దాదాపు 8,545. మొత్తంగా వడ్డీయే 57 వేలు దాటుతుంది. దానికి పోటీల 7,800 కలిపితే 16 వేలు పైచిలుకు. మూడు వేలకు పైగా లోటు. ఆ లోటు క్రెడిట్ కార్డు మీదకు చేరితే తడిసి మోపెడవుతుంది. ఫండ్ల సంగతి మీకే తెలుసు, అది పాప డబ్బు.

మరి మానుకోవాలా? అక్కర్లేదు, కొంచెం ఆలస్యంగా దిగండి. నలుగురూ నెలకు తలా 10 వేలు ఒక ఉమ్మడి ఖాతాలో వేయండి. ఏడాదికి 4.8 లక్షలు. మొదటి ఏడాది చివర బండి కొనొచ్చు. ఆలోపు వేరే జట్టుకు సర్వీసు సిబ్బందిగా వెళ్లి రండి, ఏ స్పేర్ ఎంత త్వరగా అయిపోతుందో కళ్లారా చూస్తారు. రెండో ఏడాది తయారీకి 3.5 లక్షలు, ఒకే ఒక్క పోటీకి 1.25 లక్షలు. మూడో ఏడాది నుంచి మూడు పోటీలు, పోను మిగిలే 1.05 లక్షలు ఇంజిన్ బోరింగ్, గేర్‌బాక్సు నిధికి. దాన్ని లిక్విడ్ ఫండ్‌లో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంచి, వేరే దేనికీ ముట్టుకోకండి. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి నెలకు 70 వేలు కాబట్టి మీ అత్యవసర నిధి ఆరు నెలలకు 4.2 లక్షలు ఉండాలి. బోనస్ వస్తే ముందు ఆ 1.2 లక్షల లోటు పూడ్చండి.

తయారీ డబ్బును ఏ వరసలో ఖర్చు పెడతారన్నది ముఖ్యం. చాలామంది విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పెద్ద టైర్లతో మొదలుపెడతారు, ఫొటోల్లో బాగుంటాయి కాబట్టి. ఈ జీపులో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే సర్క్యూట్ (బ్రేకు ఆయిల్ పైపుల వరస). ఒక్క పైపు పగిలితే మొత్తం పోతాయి. ముందు డ్యూయల్ సర్క్యూట్ (రెండు వేర్వేరు వరసల) మాస్టర్ సిలిండర్, తర్వాత రోల్ కేజ్ (బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం), సీటు బెల్టులు, ఆపైన రేడియేటరు. వెనుక యాక్సిల్ షాఫ్టులు హబ్బులోకి కోసుగా దిగి, చిన్న కీ (రెంటినీ కలిపి పట్టే లోహపు ముక్క) ఆధారంగా తిరుగుతాయి. నట్టు కాస్త వదులైతే కీ తెగి, చక్రానికి శక్తి అందదు. కుడి, ఎడమ షాఫ్టుల పొడవు ఒకటి కాదు, స్పేర్‌గా రెండూ కొనాలి. ఆ చిన్న కీలు అరడజను, హబ్బును లాగి తీసే హబ్ పుల్లర్ ఒకటి కూడా. ఇవి లేకుండా విన్చ్ కొనడం దండగ.

పెట్టుబడి మాటకొస్తే, 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ వచ్చింది. తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది. అలాంటి బండికి థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 50 శాతం రాయితీ కూడా ఉంది. కానీ ప్రదర్శనలు, సాంకేతిక పరిశోధన, వింటేజ్ ర్యాలీలు, ఇంధనం, మరమ్మతులకు తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. చాసిస్‌కు కేజ్ వెల్డింగ్ చేయించిన రోజే మీ జీపు ఆ కోవలోంచి జారిపోతుంది. పాత బండికి మంచి ధర పలికేది అసలు రూపం చెదరకుండా ఉన్నప్పుడే. కాబట్టి మీ ఆస్తుల జాబితాలో దీనికి సున్నా రాయండి. రేపు ఎంతో కొంత వస్తే సంతోషం.

ఆర్‌సీ ఎవరి పేరున ఉంటే బాధ్యత వాళ్లదే. సాధారణ మోటారు పాలసీ పోటీలకు, స్పీడ్ టెస్టింగ్‌కు, రిలయబిలిటీ ట్రయల్స్‌కు (బండి మన్నికను పరీక్షించే పోటీలు) వర్తించదు. ఐఎంటీ 31 ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా జోడించే రక్షణ) అడిగి తీసుకుంటే పాలసీలో రాసిన ర్యాలీకి, ఆ తేదీలకు రక్షణ ఉంటుంది, అదీ వేగపు పోటీ కాకపోతేనే. నిర్వాహకులు తీసుకున్న బీమా పత్రం నకలు ఎంట్రీ కట్టే ముందే అడగండి. ఆరోగ్య బీమాలో సాహస క్రీడల మినహాయింపు ‘వృత్తిగా పాల్గొంటే’ అనే ఉంటుంది, సరదా పోటీదారుకు అది ఊరటే. వ్యక్తిగత ప్రమాద పాలసీ, టర్మ్ పాలసీకి జోడించే ప్రమాద రైడరు అలా కాదు, వాటిలో రేసింగ్ మినహాయింపు మామూలే. కొత్త టర్మ్ పాలసీకి దరఖాస్తు చేస్తుంటే ప్రమాదకర హాబీల గడిలో ఈ పోటీల గురించి రాయండి.

నలుగురి మధ్య స్టాంపు కాగితం మీద ఒప్పందం ఉండాలి. మధ్యలో ఒకరు తప్పుకుంటే బండి విలువలో వాటా మాత్రమే ఇస్తారా, తయారీకి పెట్టింది కూడానా? బోల్తా కొట్టించిన రోజు మరమ్మతు ఖర్చు నడిపినవాడిదా, నలుగురిదా? స్నేహాలు చెడేది ఈ రెండో ప్రశ్న దగ్గరే.

టైర్లు ఉచితం కాదు. ప్రచారానికి బదులుగా ఇచ్చే వస్తువుల విలువ ఏడాదికి 20 వేలు దాటితే దుకాణం 10 శాతం టీడీఎస్ జమ చేయాల్సి రావచ్చు. మీ పాన్ ఇస్తే ఆ లక్ష మీ ఆదాయంగా కనిపిస్తుంది. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్‌తో కలిపి 20,800 పన్ను. ఆ పన్నును నలుగురూ పంచుకోవాలని ఒప్పందంలో రాయించండి.

బండి చూడటానికి వెళ్లినప్పుడు స్టీరింగ్ బాక్సు బిగించిన చోట చాసిస్ మీద మట్టి గీకి పగుళ్లు వెతకండి. చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. ఈ జీపుల్లో చాలావాటికి తర్వాతెప్పుడో పెట్రోలు ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ బిగించి ఉంటారు. ఆర్‌సీలో ఎప్పటిదో బ్యాంకు హైపోథికేషన్ (రుణానికి బండి తాకట్టు నమోదు) మిగిలి ఉంటే, అమ్మేవాళ్లు ఫారం 35తో దాన్ని కొట్టివేయించాకే అడ్వాన్సు ఇవ్వండి.