యువభారతిలో డెర్బీ చూడాలంటే

ప్రశ్న: మాష్టారూ, మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాశాడు. ఫోన్లో కోల్‌కతా ఫుట్‌బాల్ క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ తలపడే డెర్బీ మ్యాచ్‌లు (ఒకే ఊరి జట్ల పోటీలు) చూసి, ఒక్కసారి కోల్‌కతా తీసుకెళ్లమని ప్రాణం తీస్తున్నాడు. సాల్ట్‌లేక్ స్టేడియం ఇప్పుడు బాగుచేశారంటున్నారు, నిజమేనా? మా ఇద్దరికీ బెంగాలీ ముక్క రాదు. అంత జనంలో ఏమవుతుందో అని నాకు టెన్షన్.
– ఓ తండ్రి, రాజమండ్రి

జవాబు: తీసుకెళ్లండి బాబూ, ఇంకేం ఆలోచించకండి. మా నాన్నగారు శ్రీకాకుళం నుంచి రైల్వే ఉద్యోగానికి ఖరగ్‌పూర్ వచ్చారు. నేను ఇక్కడే క్వార్టర్స్‌లో పుట్టాను. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే బెంగాలీ. పొద్దున లోకల్ పట్టుకుని హౌరా వెళ్లడం, మ్యాచ్ చూసి అర్ధరాత్రి ఇల్లు చేరి మా ఆవిడ చేత తిట్లు తినడం ఏళ్ల తరబడి అలవాటు.

మీరన్న సాల్ట్‌లేక్ స్టేడియానికి టికెట్ మీద ‘వివేకానంద యువభారతి క్రీడాంగన్’ అని ఉంటుంది. జనం మాత్రం యువభారతి అనేస్తారు. 1984లో తెరిచారు. అప్పట్లో కుర్చీలు లేవు, సిమెంటు మెట్లే. 1997 జులై 13న ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కు వచ్చిన జనం 1,31,781 మంది అని లెక్క. అందులో నేనొకణ్ణి. మ్యాచ్‌కు ముందు మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా అవతలి ఈస్ట్ బెంగాల్ జట్టును తెగ వెక్కిరించాడు. బైచుంగ్ భూటియాను ‘చుంగ్ చుంగ్’ అన్నాడు, సోసోను ‘శశా’ అన్నాడు. శశా అంటే బెంగాలీలో కీరదోసకాయ. చివరికి భూటియా హ్యాట్రిక్ కొట్టాడు, ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది. బయటికొచ్చే తోపులాటలో నా కుడికాలి చెప్పు పోయింది. ఒంటి చెప్పుతోనే ఖరగ్‌పూర్ దిగాను.

2017లో అండర్-17 ప్రపంచకప్ మన దేశానికి వచ్చినప్పుడు దీని రూపు మార్చారు. మెట్ల మీద విడివిడి కుర్చీలు వేశారు. ప్లాస్టిక్ గడ్డి పీకేసి అసలు గడ్డి పెంచారు. ఆ ఫైనల్లో ఇంగ్లండ్ రెండు గోల్స్ వెనకబడి కూడా స్పెయిన్‌ను 5-2తో ఓడించింది. ఆ రోజు స్టేడియం నిండితే వచ్చింది 66,684 మంది, అంటే 1997లో సగం. పాత ఊపు పోయిందని నా తోటి ముసలాళ్లు సణుగుతారు. నేను సణగను. లేస్తే చోటు పోతుందని నాలుగు గంటలు గుక్కెడు నీళ్లు తాగకుండా కూర్చున్నది వాళ్లూ నేనూ కలిసే కదా!

ఒక్క లోపం మాత్రం అలాగే ఉంది. మైదానం చుట్టూ పరుగుపందేల ట్రాక్ ఉంది కాబట్టి ఆట దూరంగా జరుగుతుంది. కింది వరసలో కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరిగిందో పక్కవాణ్ణి అడగాలి, మీకేమో బెంగాలీ రాదు. మధ్య అంతస్తు తీసుకోండి.

దారి చెబుతాను. కోరమాండల్ ఎక్కితే అది హౌరాలో ఆగదు, షాలిమార్‌లో దించుతుంది. అక్కణ్నుంచి టాక్సీలో హౌరా స్టేషన్ చేరి మెట్రో గ్రీన్ లైన్ ఎక్కండి. రైలు హుగ్లీ నది అడుగునుంచి వెళుతుంది. అబ్బాయికి ముందే చెప్పండి, నది దాటడానికి నిమిషం కూడా పట్టదు, ఫోన్ చూస్తూ కూర్చుంటే అయిపోతుంది. శియాల్దా, ఫూల్‌బగాన్ దాటగానే ‘సాల్ట్‌లేక్ స్టేడియం’ అనే స్టేషనే ఉంది. ఒకప్పుడు ఈ ప్రయాణానికి రెండు బస్సులు మారేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో టికెట్ల కిటికీ దగ్గర పుష్కరాల రద్దీ ఉంటుంది, స్మార్ట్ కార్డు ముందే కొనుక్కోండి.

ఎరుపు-పసుపు ఈస్ట్ బెంగాల్‌ది, ఆకుపచ్చ-మెరూన్ మోహన్ బగాన్‌ది. ఇద్దరి అభిమానులూ వేరువేరు వైపులు కూర్చుంటారు. ఏ వైపు టికెట్టో చూసుకుని చొక్కా వేసుకోండి. తెల్లచొక్కా అయితే గొడవే లేదు.

మ్యాచ్ రోజు పొద్దున ఖాళీగా ఉంటారు కదా, ఎస్‌ప్లనేడ్‌ మెట్రో స్టేషన్లో దిగి, మైదాన్ అనే పెద్ద పచ్చికబయలుకు నడవండి. నన్నడిగితే స్టేడియం కన్నా ఇదే ముఖ్యం. ఆ నేల సైన్యం చేతిలో ఉంది, పక్కా భవనాలు కట్టనివ్వరు. అందుకే వందేళ్లు దాటిన క్లబ్బుల ఆఫీసులను కూడా ఇప్పటికీ ‘టెంట్’ అనే అంటారు. 1911లో మోహన్ బగాన్ కుర్రాళ్లు, ఒక్కరు తప్ప అందరూ ఉత్తకాళ్లతో ఆడి, బ్రిటిష్ సైనిక జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1తో ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ అనే ఫుట్‌బాల్ కప్పు ఎత్తింది ఈ మైదాన్‌లోనే.

సాల్ట్‌లేక్ ఊరు చూడాలని ఎక్కువ ఆశ పెట్టుకోకండి. ఉప్పునీటి చిత్తడిని హుగ్లీ పూడికమట్టితో నింపి కట్టిన ఊరు అది. శుభ్రంగా ఉంటుంది కానీ ఏ వీధి చూసినా ఒకేలా ఉంటుంది. బ్లాకులకు ఏబీ, బీసీ, సీడీ అని పేర్లు. నేనిప్పటికీ దారి తప్పుతాను.

ప్రశ్న: ఆ ఫుట్‌బాల్‌తో మనవాళ్లకు సంబంధం ఏమైనా ఉందా అండీ?
– ఓ విద్యార్థిని, సికింద్రాబాద్

జవాబు: మీ ఊళ్లో ఉండి నన్నడుగుతావా తల్లీ! తులసీదాస్ బలరామ్‌ది సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టాడు. ఆట మానేశాక కూడా బెంగాల్ వదల్లేదు, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలోనే ఉండిపోయాడు. ఇక హైదరాబాద్ మహమ్మద్ హబీబ్ మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ అనే మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. ఇక్కడి జనానికి ఆయన ‘బడే మియా’. 1977లో పీలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వస్తే మోహన్ బగాన్ 2-2తో నిలబడింది. అందులో ఒక గోల్ హబీబ్‌దే. ఇద్దరూ 2023లోనే పోయారు. మైదాన్ టీకొట్టు దగ్గర నా వయసువాడెవడైనా కనిపిస్తే ‘హబీబ్’ అని చూడు, నీ టీ డబ్బులు అతనే ఇస్తాడు.

ప్రశ్న: శాకాహారులం. అక్కడ తినడానికి ఏముంటుంది?
– ఓ గృహిణి, నెల్లూరు

జవాబు: ఈస్ట్ బెంగాల్ గెలిస్తే పులస, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య వండుకునే ఊరమ్మా అది. మీరు ఝాల్‌మూడి తినండి, మన మరమరాల మిక్చరే, ఆవనూనె ఘాటుతో. బఠాణీ ఘుగ్నీ కూడా బాగుంటుంది. కొన్నిచోట్ల అందులో కీమా కలుపుతారు, ముందే అడగండి.