అర్హత తగ్గించాలా, జీతం పెంచాలా?

ప్రశ్న: లెక్కల టీచర్లు దొరకడం లేదని మా పక్క బడిలో శిక్షణ లేనివారిని పెట్టుకున్నారు. అర్హతలు సడలించడం తప్పా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: తాత్కాలికంగా తప్పు కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలోని 23వ సెక్షను, శిక్షణ పొందినవారు సరిపడా లేని రాష్ట్రాలకు ఐదేళ్లకు మించకుండా సడలింపు ఇవ్వవచ్చని చెప్పింది; అయితే ఉద్యోగంలో ఉన్న శిక్షణ లేనివారి కోసం ఆ గడువును 2017 సవరణతో 2019 మార్చి 31 వరకు పొడిగించవలసి వచ్చింది. అదే సెక్షను జీతభత్యాలను మాత్రం నిబంధనలకు వదిలేసింది. (అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం.) గణితంలో పట్టా ఉన్నవారికి ఇదే చెన్నైలో సాఫ్ట్‌వేర్ సంస్థలు బడి జీతం కంటే ఎక్కువ ఇస్తుండగా, అర్హత ఎంత దించినా వచ్చినవారు నిలవరు. ఆ బడి యాజమాన్యాన్ని ముందు జీతం సంగతి అడగండి.